గదిలో మరో గొంతు

ఆయన రెండు కాఫీ కప్పులతో వంటింట్లోంచి వచ్చేసరికి ముందుగదిలో మాటలు ఆగిపోయాయి. భార్య ల్యాప్‌టాప్ మూత దించింది. కూతురు గోళ్ళు చూసుకుంటోంది. సాసరులోకి ఒలికిన కాఫీని ఆయన తువ్వాలుతో తుడిచి, ఏమిటి సంగతని అడిగాడు.

"ఏం లేదు నాన్నా. అమ్మ నవల రాసుకోడానికి సాఫ్ట్‌వేర్ చూస్తున్నాం."

చూడడానికి మూత దించడమెందుకో ఆయనకి అర్థం కాలేదు.

ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా పనిచేశాడు. ఆ గొంతు వింటే రైలు ఆలస్యమని తెలిసినా కోపం రాదని ప్రయాణికులు అనేవాళ్ళు. చివరికి ఆ పనిని ఒక రికార్డింగుకి అప్పజెప్పి ఆయన్ని ఇంటికి పంపారు. ఇంట్లో మాత్రం ఆయన ఉద్యోగం పోలేదు. భార్య రాసిన ప్రతి అధ్యాయాన్నీ పొద్దున్నే కాఫీ అయ్యాక ఆయన పైకి చదవాలి, ఆమె కళ్ళు మూసుకుని వినాలి. చెవికి తగిలిన చోట దిద్దుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు అది. ఈమధ్య ఆమె కాగితాలు ఇవ్వడం మానేసింది. అడిగితే, ఇంకా కుదరలేదండీ అంటోంది.

కూతురు మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చి పెట్టింది. మొదటిది అధ్యాయాలని గోడకి అతికించిన చీటీల్లా చూపిస్తుంది. భార్యకి ముచ్చటేసింది కానీ, ఇందులో అది లేదే అంది. రెండోది తెరమీద రాసే పేజీ తప్ప మిగతాదంతా చీకటి చేస్తుంది. అందులోనూ అది లేదంది. పక్కగదిలోంచి విన్న ఆయన, అది అంటే ఏమిటని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారు. చెప్పించడం కన్నా కనిపెట్టడం నయమనుకున్నాడు. బహుశా తాళం. తన గురించే ఏదో రాస్తోంది, తనకి కనబడకూడదు. పాత పోట్లాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, ఏది కథకి పనికొస్తుందా అని బేరీజు వేసుకున్నాడు. నిజానికి ఆయన దగ్గరా ఒక దాపరికం ఉంది. దాచుకునేవాడికి లోకమంతా దాస్తున్నట్టే ఉంటుంది.

కూతురు వెళ్ళిపోయిన మధ్యాహ్నం, రొట్టె కొనుక్కుని ఆయన అనుకున్నదానికన్నా ముందే ఇల్లు చేరాడు. భార్య రాసుకునే గది తలుపు మూసి ఉంది. లోపల మగగొంతు. కుర్రగొంతు.

ముందు తట్టిన ఆలోచనకి తనకే సిగ్గేసింది. తర్వాత మాటలు చెవికెక్కాయి. అలాంటి వాక్యాలు ఆమె తప్ప ఎవరూ రాయరు. కొత్త అధ్యాయం. హాయిగా వదిలిన ఊపిరి సగంలోనే ఆగింది. ఇది ఇంకా ఘోరం.

ఆయన తలుపు తోశాడు. గదిలో ఆమె, ల్యాప్‌టాప్, అంతే. ఆమె ఏదో మీట నొక్కింది. మూడో సాఫ్ట్‌వేర్ గొంతు ఆగింది.

"నువ్వు వెతికింది దీనికోసమా?"

ఆమె తలూపింది.

"నా గొంతు ముసలిదైందంటే నేనే మానేసేవాణ్ణిగా. స్టేషన్లో నయం, దండేసి మరీ పంపారు."

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి, చదవమంది. కళ్ళజోడు లేదన్నాడు ఆయన. ముక్కుమీదే ఉందంది ఆమె.

కాగితాన్ని కొంచెం పక్కకి పట్టుకుని ఆయన చదివాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆమె వాక్యం ఎటు మొదలైతే ఎటు తిరుగుతుందో ఆయనకి తెలుసు. చివరిదాకా వెళ్ళి, చూశావా అన్నట్టు కాగితం బల్లమీద పెట్టాడు.

"మధ్యలో ఒక వాక్యం వదిలేశారు," అంది ఆమె. "మా ఆయనకి కళ్ళు కనబడడం లేదు, నాతో చెప్పడం లేదు, అని రాశాను. పోయిన చలికాలం నుంచీ మీకిచ్చిన ప్రతి అధ్యాయంలోనూ పెట్టాను. ఒక్కసారీ చదవలేదు."

ఆయన కుర్చీ కోసం తడుముకున్నాడు.

"అడిగితే ఒప్పుకోరు. ఊరుకుంటే నా నవల మీ నవలైపోతోంది. మీరు ఊహించి చదివినవాటిలో కొన్ని నావాటికన్నా బాగున్నాయి కూడా. ఒళ్ళు మండింది. అయినా ఉంచేశాను."

"మరి ఈ కుర్రాడెందుకు?"

"మీకోసం. నా కాగితం నేను చదువుకోలేనా? ఇన్నాళ్ళూ మీరు చదివారు, నేను విన్నాను. ఇకమీదట మీరు వినాలి."

అప్పుడు ఆయన బయటపెట్టాడు. నడుమంతా మసకట, అంచులే కనిపిస్తాయట. అక్కడక్కడ దొరికిన మాటల మధ్య మిగతాది అల్లుకుని చదివేవాడట. చదవలేనని తెలిస్తే ఈ గదిలోకి రావడానికి ఇంకేం వంక ఉంటుందని దాచాడట.

"నీ మొహం కూడా, పక్కకి చూస్తేనే తెలుస్తుంది."

ఆయన భుజం నిమురుతున్న ఆమె చేయి ఆగిపోయింది. "అందుకా మీరు నావైపు చూడనిది? నేను... ఇంకేదో అనుకున్నానండీ."

ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని, కూతురు అప్పుడే మాట్లాడి ఉంచిందని చెప్పి ఆమె మళ్ళీ మీట నొక్కింది. కుర్రగొంతు ఆగకుండా చదువుకుంటూ పోయింది. ఒకచోట ఆయన చెయ్యెత్తాడు.

"ఆపు. అక్కడ ఊపిరి తీసుకోవాలి. వీడికి ఊపిరి లేదు, పాపం."

ఆమె నవ్వి ఆ చోటు దిద్దుకుంది. ఆయన కిటికీవైపు తిరిగి, ఆమెని చూశాడు.