లెన్సు కలిపిన జంట

"ఆదివారం ఆ పళ్ళ డాక్టరు మనింటికి రానక్కర్లేదు. సంబంధం క్యాన్సిల్!"

నాన్న తన చిన్న జూమ్ కెమెరాని కూతురి ముందు పెట్టాడు. దాని మూతికి గరాటాలా, దూరంవాటిని దగ్గరగా చూపించే టెలీ కన్వర్టర్ బిగించి ఉంది. ఆమె పనిచేసే కెమెరాల షాపు నుంచి ఆమే తెచ్చిచ్చింది.

నాన్న దూరం నుంచి తీసిన ఫోటోలో క్లినిక్ ముందు డాక్టరు. పక్కనే భుజం ఆనించి ఒకమ్మాయి. ఇద్దరి మీదా ఒకటే పసుపు గొడుగు.

ఆమె కెమెరా తీసుకుని మేడ మీదకెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది.

"ఎవరా పసుపు గొడుగు?"

"హలో అనరా ముందు?"

"నిన్న సాయంత్రం. వానలో. ఒకే గొడుగులో."

"గొడుగా? నెత్తి మీద నుంచి నీళ్ళు కారిపోతుంటే ఇంటికొచ్చాను. పొద్దుట్నుంచీ తుమ్ములు. కావాలంటే వినండి."

నిజంగానే తుమ్మాడు. నవ్వాపుకుని ఆమె ఫోటోని పెద్దది చేసి చూసింది. గొడుగు కింద ఉన్నవాడి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది! ఇంకాస్త కిందకి జరిపింది. ఆ అమ్మాయి కాళ్ళు అతని వెనకెక్కడో, బస్టాపు స్తంభం దగ్గరున్నాయి.

"డాక్టర్, మీరు బతికిపోయారు."

"ఫీజెంత?"

"ఆదివారం చెప్తాను."

కిందకొచ్చి నాన్నకి విడమరిచి చెప్పింది. "అంత దూరం నుంచి టెలీలో తీస్తే వెనకవాళ్ళూ ముందువాళ్ళూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తారు నాన్నా."

"ముప్పై ఏళ్ళు సర్వేయర్‌గా దూరాలు కొలిచినవాణ్ణి. నాకే చెప్తున్నావా? ఇదంతా అతన్ని వెనకేసుకు రావడం!"

ఇక మాటలతో లాభం లేదని ఆమెకి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని మేడెక్కింది. నాన్న వీధి చివర వాకింగ్ ముగించి నిలబడ్డాడు. ఆయన వెనక చాలా దూరంలో ఎదురింటి మ్యూజిక్ టీచరు వస్తోంది. జూమ్ సగంలో ఆపితే కన్వర్టర్ అంచు ఫోటో చుట్టూ నల్లగా పడుతుంది. అందుకని చివరిదాకా లాగింది. క్లిక్!

ఫోటోని నేరుగా తీసుకెళ్ళి అమ్మకి చూపించింది.

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఏవండీ, ఒకసారి ఇలా రండి."

నాన్న వచ్చాడు. చూశాడు. తెల్లబోయాడు. "అయ్యో, ఆవిడ నా వెనక ఎక్కడో ఉందే! వందడుగులుంటుంది!"

"అలాగా? మరి ఆవిడ చెయ్యి మీ భుజం మీదుంది."

"చెయ్యి కాదు, అది సంచి! అది కూడా అంత దూరంలో ఆవిడ దగ్గరే ఉంది!" నాన్న కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మకి చెప్పవే, లెన్సు సంగతి!"

"చెప్తాను నాన్నా. మరి డాక్టరు?"

"రమ్మను."

"ఆదివారమే?"

"ఈ పూటే రమ్మను తల్లీ, భోజనానికి! ముందు నువ్వు మీ అమ్మకి చెప్పు!"