ఇద్దరి పని

రాయదుర్గం దాటాక గుట్టల మీద వరసగా నిలబడ్డ గాలిమరల్ని మా ఊళ్లో ఫ్యాన్లు అంటారు. దూరం నుంచి చూసేవాళ్ల కళ్లకు చల్లగా ఉంటాయి. లోపల ఎక్కేవాడికి తెలుస్తుంది అసలు సంగతి. ఇనప గొట్టంలో పగలంతా ఉడికిన గాలి, గ్రీజు కంపు, పైదాకా ఒకటే నిచ్చెన. నిచ్చెన పక్కనే ఇనప తాడు ఉంటుంది. నడుముకున్న కొక్కెం దానికి తగిలించుకుని ఎక్కాలి, దిగాలి. మెట్టు మెట్టుకీ అది కిట్, కిట్ మంటుంది.

ఇద్దరు లేకుండా ఎక్కకూడదని నియమం. నాకు జతగా తిప్పేషన్న ఉండేవాడు. మహా నిదానస్తుడు. వక్కాకు వేసుకుని, వేలికి మిగిలిన సున్నం చేతికందిన ఇనుముకు పూసేవాడు. ఇదేం అలవాటని నేను వెక్కిరించేవాణ్ని. పైన బోల్టులు బిగించేటప్పుడు పాన టక్ మంటేనే బిగువు చాలినట్టు. ఆ తర్వాతే బోల్టు మీద నీలం గీత గీయాలి. టక్ వినకుండా ఆయన ఒక్క గీత గీయలేదు. "తొందరేమప్పా, ఫ్యాను యాడికీ పోదు" అనేవాడు.

పోయిన ఏడాది ఆషాఢం గాలి మొదలయ్యేలోపు అన్నీ ముగించాలని పైవాళ్లు ఒకటే తరిమారు. తిప్పేషన్న బోల్టుల దగ్గర తగ్గించని టైము తన కొక్కెం దగ్గర తగ్గించుకున్నాడు. తగిలించుకోకుండా దిగుతూ పడి చనిపోయాడు. ఇవాళ నేనెక్కిన ఈ ఫ్యానులోనే.

ఆయన స్థానంలో ఎవర్నీ ఇవ్వలేదు. ఏడాదిగా నేనొక్కణ్నే ఎక్కుతున్నాను. పైన కూర్చుని ఉగ్గాని తినేటప్పుడు మాట్లాడడానికి మనిషి లేక, పానతో మాట్లాడిన రోజులున్నాయి. నవ్వకండి.

ఇవాళ సాయంత్రం సూపర్వైజరు నరేంద్ర ఫోన్ చేశాడు. చీకటి పడేలోగా బోల్టుల ఫోటోలు గ్రూపులో పడకపోతే తనకూ నాకూ ఉద్యోగాలుండవన్నాడు. ఒక్కణ్నే అంత పని ఎట్లా అవుతుందని అడిగాను. నరేంద్ర గొంతు తగ్గించాడు.

"గీతలు కనపడాల ఆంజీ. అంతే."

మా చేలో వేరుశనగ మూడేళ్లుగా విత్తనం ఖర్చు కూడా ఇవ్వడం లేదు. ఈ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. ఎక్కాను.

మొదట్లో ఉన్న బోల్టులు సరిగ్గానే బిగించాను. చేతులు లాగేశాయి. బయట గాలి లేచింది, స్తంభం సన్నగా ఊగుతోంది. ఫోన్ మోగుతూనే ఉంది. పాన పక్కన పెట్టి ఒక బోల్టు మీద ఊరికే గీత గీశాను. ఫోటో తీసి పంపాను. ఏమీ కాలేదు. ఎటూ అడుసు తొక్కాను, కాలు తర్వాత కడుక్కోవచ్చులే అని ఇంకొకటి గీశాను. చెప్పొద్దూ, ప్రాణానికి హాయిగా అనిపించింది.

టక్.

నా వెనక... ఊరికే గీతలు గీసిన వైపు నుంచి.

ఎండకు కాగిన ఇనుము చల్లబడితే చప్పుడు చేస్తుంది. అదే అయ్యుంటుంది అనుకున్నాను. ఇంకో గీత గీశాను.

టక్.

గీత, ఫోటో. టక్. ఆఖరి బోల్టు దాకా అంతే. నేను ఆగితే అదీ ఆగింది. పాన నా కాళ్ల దగ్గరే ఉంది... గ్రీజు కంపులోంచి వక్కాకు వాసన వచ్చింది.

చేతి లైటు అటు తిప్పే ధైర్యం లేక గోడ తడుముకుంటూ వెళ్లాను. నేను దొంగగీత గీసిన మొదటి బోల్టుకు పాన పెట్టి నొక్కాను. ఇసుమంతైనా కదల్లేదు. వెంటనే టక్ మంది. రెండోదీ అంతే. ముట్టుకుంటే వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు.

భయమేసింది. కానీ, సిగ్గు విడిచి చెబుతున్నాను, భయం కన్నా ముందు సంతోషమేసింది. ఏడాది తర్వాత పైన నాకు తోడు దొరికింది.

"తిప్పేషన్నా..." అన్నాను గుసగుసగా.

చెవి పక్కనే గొంతు వినపడింది. ఊపిరి మాత్రం తగల్లేదు.

"ఇంగ దిగు. తొందరగా."

బతికుండగా ఆయన నన్ను తొందర పెట్టింది లేదు. ఒక్కసారి కూడా.

దిగాను. కింద చీకటి. చేతులు చెమటకు జారుతున్నాయి... కాళ్లు మెట్లు తప్పుతున్నాయి. కిట్... కిట్... తాడు మీద కొక్కెం నాతోపాటే దిగుతోంది. ఆ చప్పుడొక్కటే నాకు ధైర్యం. పాదాలకు నేల తగిలాక, కొక్కెం విప్పుదామని తాడు మీద చెయ్యి వేశాను.

తాడు మీద ఏమీ లేదు.

కొక్కెం నా నడుముకు వేలాడుతోంది. పైన దాన్ని తగిలించుకున్నానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఫోన్ మోగింది. నరేంద్ర గొంతులో నిజంగానే సంతోషం ఉంది.

"ఫోటోలు బాగుండాయప్పా. ఒక్కడివే ఇద్దరి పని చేసినావు. రేపు రెండు ఫ్యాన్లు ఎక్కు."

సరే అన్నాను. ఇంకేమనాలి?

లైటు వేసి కొక్కెం చూసుకున్నాను. దాని నోటి దగ్గర, వేలి వెడల్పున, తడి సున్నం. నన్ను దింపడానికి పట్టుకున్నాడో... తాడు నుంచి విప్పడానికి పట్టుకున్నాడో... రేపు ఎక్కితే గానీ తెలియదు.