ఆ చెవి జ్వరంతో పోలేదు

"టీ అని ఎన్నిసార్లు అరవాలి?" ముందుగదిలోంచి మాస్టారు కేకేశారు.

కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల జాకెట్లు కుడుతున్న ఆయన భార్యకి వినపడలేదు. ఆయన ఆమెకి ఎడమ పక్కన ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఆ చెవి పనిచెయ్యదు. "మా చెవిటి మాలోకం" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నవ్వుతూ చెబుతారాయన. పెళ్లైన కొత్తలో జ్వరమొచ్చి పోయిందని కూడా ఆయనే చెబుతారు.

లోపలి గదిలో కూతురు కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకుంది. నిన్న సాయంత్రం బస్సు దిగి ఒక్కతే వచ్చింది. బాత్రూంలో జారానంది. బట్టలు మార్చుకోడానికి సాయం చేస్తున్న తల్లికి కూతురి జబ్బ మీద నాలుగు వేళ్ల గుర్తులు కనిపించాయి. బాత్రూం నేలకి వేళ్లుంటాయా?

గుచ్చి అడిగితే బయటపడింది. ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందట. హోదాలో మొగుణ్ణి మించిపోయిందట. "నీ కింద బతకాలా అని మొదలుపెట్టాడమ్మా. ఇది మొదటిసారి కాదు. రెండేళ్లయింది."

పదింటికి అల్లుడు దిగాడు. చేతిలో పళ్ల సంచి, మొహాన నవ్వు. ఆవిడ మిషను దగ్గరే కుడి చెవి ముందుగది వైపు తిప్పి కూర్చుంది.

"ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాను మావయ్యగారూ."

"సంసారమన్నాక రెండు గిన్నెలు చప్పుడవకుండా ఉంటాయా బాబూ!" అని మాస్టారు లోపలికి చూసి గొంతు పెంచారు. "అమ్మాయ్, బట్టలు సర్దుకో. ఆ ప్రమోషన్ వద్దని రాసిచ్చెయ్. మీ అమ్మ నర్సు ఉద్యోగం మానెయ్యలేదూ? హాయిగా లేదూ?"

మిషను ఆగింది. ఆవిడ లేచొచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"హాయిగానా? అల్లుడుగారూ, మీరూ వినండి. నా చెవి జ్వరంతో పోలేదు. రాత్రి డ్యూటీకి వెళ్తానన్నందుకు ఈయన లాగి కొడితే పోయింది. నెత్తురు కారుతుంటే నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లి, జ్వరమని నా నోటితోనే చెప్పించారు."

"పాత సంగతులు ఇప్పుడెందుకు?" మాస్టారు వీధి తలుపు వైపు చూశారు.

"నాకు పాతబడలేదండీ. ఇప్పుడు దాన్ని ఆసుపత్రికి, అట్నుంచి స్టేషనుకి తీసుకెళ్తున్నాను. మీరూ వస్తారు. కొట్టానని ఇతను మీ ముందు ఒప్పుకున్నాడుగా, అది రాసి సంతకం పెడతారు. పెట్టలేదో, మీ దగ్గర చదువుకున్నవాళ్లందరి ఇళ్లకీ వెళ్లి నా చెవి కథ చెబుతాను. కొలతలు తీసుకుంటూ తీరిగ్గా చెబుతాను."

అల్లుడు లేచాడు. "అత్తయ్యగారూ, పరువు సంగతి ఆలోచించారా?"

"ఆ బరువు మీది. మోసుకుపొండి. ఆ పళ్లు కూడా."

అతను మావగారి వైపు చూశాడు. ఊరందరి తగువులూ తీర్చే మాస్టారు చెప్పులు వెతుక్కుంటున్నారు.

స్టేషనులో మాస్టారు చెయ్యి చాపి పెన్ను అందుకుని సంతకం పెట్టారు. ముప్పై ఏళ్ల కిందట లేచిన చెయ్యే అది. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. జాలి వేస్తుందేమోనని కాసేపు ఆగింది కూడా. వెయ్యలేదు.

మధ్యాహ్నం పోలీసులు అల్లుణ్ణి అతని ఆఫీసులోనే, అందరూ చూస్తుండగా జీపెక్కించారు. స్టేషను నుంచి వచ్చిన ఫోనులో ఆ మాట విని, బాగానే వినపడినా, "ఇంకోసారి చెప్పండి" అంది ఆవిడ.

ఫోను పెట్టేసి గదిలోకి వెళ్లేసరికి కూతురు మంచం మీద కూర్చునుంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ ముందు మీ నాన్న చిన్నబోకూడదనుకున్నానే."

"కొట్టించుకునేది లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను. నీకు తెలిస్తే తలవంపులని రెండేళ్లు నోరు మూసుకున్నాను. నువ్వు చెప్పుంటే మొదటి దెబ్బకే వచ్చేసేదాన్ని కదా!"

పొద్దుట్నుంచీ నిప్పులా ఉన్న మనిషి ఒక్కసారిగా కూలబడిపోయింది. ఆయన్ని కాపాడుతున్నాననుకుని దాచిన మాట ఎవరికి గొయ్యి తవ్విందో అప్పుడర్థమైంది. "నన్ను క్షమించు తల్లీ" అని కూతురి ఒళ్లో తలపెట్టి గొల్లుమంది. కూతురు బాగున్న చేత్తో ఆమెని దగ్గరకు లాక్కుంది.

ఏడుపు పక్కింటికి వినపడుతుందని మాస్టారు వీధి తలుపు వెయ్యబోయారు.

"తెరిచే ఉంచండి" అంది ఆవిడ, కళ్లు తుడుచుకోకుండానే.