గుండీలు చూపించిన బావి

జేబులో ఉక్కు స్కేలు లేకుండా లోర్కన్ మల్వీ మోడల్ రైళ్ళ ప్రదర్శనకి వెళ్ళడు. అదో జబ్బు అతనికి. ఐర్లండు పట్టాలు ఇంగ్లండు వాటికన్నా వెడల్పు. కొట్లో దొరికే బొమ్మ పట్టాలు మాత్రం ఇంగ్లండు లెక్కవి. వాటినే కొని, వాటి మీద ఐరిష్ ఇంజన్లు నడిపి మురిసిపోయేవాళ్ళే ఎక్కువ. అలాంటివాళ్ళని చూస్తే లోర్కన్‌కి ఒళ్ళు మండుతుంది. స్కేలు పెట్టి కొలిచి, "పదహారున్నర మిల్లీమీటర్లు" అని నిట్టూర్చి పక్క బల్లకి పోతాడు. లీట్రిమ్ జిల్లాలో రైలుబొమ్మలు కట్టేవాళ్ళెవరికీ అతనంటే పడదంటే ఆశ్చర్యమేముంది?

మే నెల మొదటి ఆదివారం డ్రమ్‌కీల్ చర్చి హాల్లో, ఆఖరి బల్ల మీద ఆ ఊరి పాత స్టేషనే బుల్లిగా కనపడింది. అడగాలన్న మర్యాద కూడా మరిచిపోయి స్కేలు పెట్టేశాడు. చేతి మీద పెయింటు బ్రష్షుతో టప్‌మని దెబ్బ పడింది.

"ఇరవై ఒకటి," అంది ఆ అమ్మాయి. "కొలవడం అయితే చెయ్యి తీయండి. పెయింటు ఇంకా ఆరలేదు."

నిజంగానే ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, అచ్చం ఐరిష్ లెక్క. వెంట్రుకవాసి తేడా లేదు. పట్టాలన్నీ చేత్తో వేసింది. లోర్కన్ తలెత్తి చూశాడు. ముక్కు మీద ఆకుపచ్చ పెయింటు, చెవి వెనక ఇంకో బ్రష్షు, కళ్ళల్లో బోలెడంత వెటకారం. స్కేలు జేబులో పెట్టుకోవడం మరిచిపోయాడు. బాగుందని చెప్పి అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగడం అతనికి చేతకాదు.

"అంతా బాగుంది గానీ, బావి ఎడమపక్క పెట్టారేం? పట్టాలకి కుడిపక్క కదా ఉండాలి."

"ఎవరు చెప్పారు?"

"ఫోటో చెప్పింది. పదకొండేళ్ళుగా మా ఇంజన్ షెడ్డు గోడకి వేలాడుతోంది."

"ఆ ఫోటో నా దగ్గరా ఉంది. గాజు నెగటివుని తిరగేసి పెట్టి అచ్చేశారు దాన్ని, కుడి ఎడమైపోయింది."

లోర్కన్ నవ్వాడు. పాపం, వెక్కిరించాలని కాదు, నమ్మలేక నవ్వాడు. ఆమెకి ఆ తేడా చెప్పేవాళ్ళెవరు? "కుడిపక్కే తవ్వుకోండి, ఒళ్ళు గట్టిపడుతుంది," అని ఆమె అటు తిరిగిపోయింది. పేరు డెర్వ్లా అని, పక్క ఊరు క్యారిక్‌లో బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుందని అతను పక్క బల్లవాళ్ళని అడిగి తెలుసుకున్నాడు.

బావి కోసం తవ్వుతున్న మాట ఊరంతటికీ తెలుసు. పదకొండేళ్ళుగా డజనుమంది కలిసి ఒక ఆవిరి ఇంజన్ని బతికిస్తున్నారు. ఏడో నంబరు ఇంజను అది, ముద్దుపేరు ఊనా. అందరికీ పెద్ద డ్రైవరు మలాకీ, డెబ్భై నాలుగేళ్ళ మొండిమనిషి. బొగ్గు వేసేవాడు లోర్కన్. రెండు మైళ్ళ పట్టాలు ఉన్న నేలని దాని యజమాని ఒక షరతు మీద ఇచ్చాడు. జూన్ ఇరవై మూడు, సెయింట్ జాన్ మంటల పండుగ నాటికి రైలు కదలాలి. కదలకపోతే నేల వెనక్కి, ఊనా తుక్కులోకి.

ఇంజన్ సిద్ధమే. నీళ్ళే లేవు. కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, ఆ నీళ్ళు పోస్తే బాయిలరు పరీక్షకి ఒప్పుకోనని పరీక్షకుడు కచ్చితంగా చెప్పేశాడు. వెనకటి రోజుల్లో స్టేషను బావిలో కొండ నీళ్ళు ఊరేవి, సున్నం లేని నీళ్ళు. స్టేషను కూలి, నేల చదునై, బావి ఎక్కడుందో చెప్పే మనిషే లేకపోయాడు. మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. అందులో వెనకున్న కొండ మంచులో కనపడదు కాబట్టి అది తిరగబడిందని ఎవరికీ అనుమానం రాలేదు. కుడిపక్క అయిదు వారాలు తవ్వారు. రాళ్ళూ, ఒక పాత బూటూ దొరికాయి.

జూన్ రెండో వారానికి లోర్కన్‌కి తెగించక తప్పలేదు. ఎండు ద్రాక్షల బ్రాక్ రొట్టె ఒకటి కొని, వానలో తడుస్తూ డెర్వ్లా కొట్టుకి వెళ్ళాడు. రొట్టె క్షమాపణకా, కాళ్ళు పట్టుకోవడానికా అని అడిగిందామె. రెండింటికీనని చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ కుదరలేదు.

ఫోటో తీసి భూతద్దం చేతికిచ్చింది. ప్లాట్‌ఫారం మీద కోట్లు వేసుకుని ముగ్గురు రైల్వే మనుషులు నిలబడి ఉన్నారు.

"నేను ఈ ముగ్గురినీ గోరంత బొమ్మలుగా చెయ్యాలనుకున్నా. గుండీలు పెయింట్ చేస్తుంటే ఆగిపోయాను. మగవాళ్ళ కోటుకి గుండీలు కుడిపక్క ఉంటాయి, ఆడవాళ్ళ కోటుకి ఎడమపక్క. రోజూ కుట్టేదాన్ని, నాకు తెలీదా? వీళ్ళ ముగ్గురికీ ఎడమపక్కే ఉన్నాయి."

లోర్కన్ చూశాడు. మళ్ళీ చూశాడు. తన కోటు చూసుకున్నాడు.

"ముగ్గురూ ఒకేరోజు పెళ్ళాల కోట్లు వేసుకొచ్చారంటావా?" అంది డెర్వ్లా.

మీరు నుంచి నువ్వులోకి దిగిందని ఆమె గమనించలేదు. అతను మాత్రం గమనించాడు, దారి పొడవునా అదే తలుచుకున్నాడు.

షెడ్డులో ఈ సంగతి చెప్పగానే మలాకీ మొహం కందగడ్డైంది. ఎందుకంటే ఆ ఫోటోలో జెండా పట్టుకుని నిలబడ్డవాడు మలాకీ తండ్రి.

"మా నాన్న ఆడవాళ్ళ కోటు వేసుకున్నాడంటావురా?"

"కాదు పెద్దాయనా. ఫోటో తిరగబడింది అంటున్నా."

"పదకొండేళ్ళ కిందట ఆ గోడకి నేనే తగిలించా. బొమ్మలాటల పిల్ల చెప్పిందని నేను ఎడమపక్క తవ్వను, నా మనుషులూ తవ్వరు."

ఎవరూ కదల్లేదు. శుక్రవారం సాయంత్రం అందరూ టీకి వెళ్ళాక, లోర్కన్ ఒక్కడే పార భుజాన వేసుకుని ఎడమపక్కకి నడిచాడు. ఇది తప్పయితే మలాకీ ఇక ఇంజన్ గుమ్మం తొక్కనివ్వడు. పదకొండేళ్ళ ఆదివారాలు గాలికి పోతాయి. అతనికది తెలుసు. అయినా టేపు పరిచాడు. డెర్వ్లా బల్ల మీద పట్టా నుంచి బావికి పదహారు సెంటీమీటర్లు. ఆ బొమ్మ అసలులో డెబ్భై ఆరో వంతు, అంటే డెబ్భై ఆరు రెట్లు చేస్తే పన్నెండు మీటర్ల చిల్లర. అక్కడ మొదటి పార దించాడు, అప్పుడే వాన మొదలైంది.

గంటసేపు తవ్వాక తల మీద వాన ఆగింది. చుట్టూ మాత్రం పడుతూనే ఉంది. తలెత్తితే గొడుగు, గొడుగు కింద డెర్వ్లా, రెండో చేతిలో ఇంకో పార.

"ఒక్కడివే తవ్వుతున్నావని విన్నా," అంది. "నా బొమ్మని నమ్మావా?"

"నిన్ను నమ్మా."

ఆమె గొడుగు పక్కన పడేసి గోతిలోకి దిగింది. ఇద్దరూ ముద్దగా తడిశారు. ఒకరి మొహం మీది బురద చూసి ఒకరు నవ్వుకుంటూ తవ్వారు. ఎండాకాలపు వెలుగు ఇంకా ఉండగానే పార రాయికి తగిలింది. మామూలు రాయి కాదు, గుండ్రంగా చెక్కిన మూత. ఇద్దరూ కలిసి పలుగుతో పక్కకి జరిపితే, కింద చల్లటి నల్లటి నీళ్ళు ఆకాశాన్ని చూపిస్తూ నిండుగా ఉన్నాయి.

మలాకీని పిలుచుకొచ్చారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, దోసిట్లో పట్టి తాగాడు.

"నాన్న జెండా ఎడంచేత్తో పట్టుకున్నాడేమిటా అని చిన్నప్పుడే అనుకున్నా," అన్నాడు. "ఆయనది కుడిచేతి వాటం. అడగాలని తోచలేదు. అమ్మాయ్, నీ చేతికి మొక్కాలి నేను."

బాయిలరు పరీక్ష నెగ్గింది. జూన్ ఇరవై మూడు, శనివారం. ఊరు ఊరంతా కొత్తగా కట్టిన ప్లాట్‌ఫారం మీదే ఉంది, హామ్ శాండ్విచ్‌లతో, ఫిడేళ్ళతో. మంట కోసం కట్టెలు పేర్చి ఉన్నాయి. ఊనా పొగ వదులుతూ, ఆవిరి బుసలు కొడుతూ తొందరపడుతోంది. మిగిలింది టోకెన్ ఒక్కటే. ఆ ఒంటిలైనుకి ఉన్న ఏకైక ఇత్తడి కడ్డీ అది. అది ఇంజన్లోకి చేరితే తప్ప బండి అంగుళం కదలకూడదు. ఒకసారి లోర్కన్ పొరపాటున దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోతే ఆ రోజంతా తోపుడు ట్రాలీ కూడా కదల్లేదు.

టోకెన్ అందించే గౌరవం డెర్వ్లాకే అన్నాడు మలాకీ. ఆమె ఇంజన్ పక్కకొచ్చి కడ్డీ పైకి చాచింది. లోర్కన్ పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు.

"ఇది అందకపోతే బండి కదలదు కదా?"

"కదలదు."

"అయితే వారం నుంచి నా కొట్టుకొచ్చి ఊడని గుండీలు కుట్టించుకుంటున్నావు. సంగతేంటో చెప్పు."

లోర్కన్ మొహం కొలిమిలా వెలిగింది. నాలుగు వందల మంది చూస్తున్నారు. ఫిడేళ్ళు కూడా ఆగిపోయాయి.

"ఒరేయ్, ఆవిరి వృథా అయిపోతోంది. చెప్పి తగలడు," అన్నాడు మలాకీ.

"నువ్వంటే నాకు ప్రాణం డెర్వ్లా," అన్నాడు లోర్కన్, ఇంజన్ చప్పుడుని మించి వినపడేలా. "బ్రష్షుతో కొట్టిన రోజు నుంచే."

"నాకు ఆ గోతిలోకి దిగినప్పటి నుంచి," అని ఆమె టోకెన్ వదిలింది.

తన ఇంజన్లో సిబ్బంది కానివాళ్ళని మలాకీ ఏనాడూ ఎక్కనివ్వలేదు. ఆ రోజు పక్కకి జరిగి, చెయ్యిచ్చి పైకి లాగి, ఈల తాడు ఆమెకే అందించాడు. ఊనా కూత కొండకి తగిలి తిరిగొచ్చింది. డెబ్భై ఏళ్ళ తర్వాత డ్రమ్‌కీల్ నుంచి రైలు కదిలింది. ఊరు ఊరంతా టోపీలు ఎగరేసింది.

మరుసటి ఏడు మే నెలలో అదే హాలు, అదే ఆఖరి బల్ల. బావి పక్కన కొత్తగా రెండు గోరంత బొమ్మలు, పార పట్టుకుని ఒకడు, గొడుగు పట్టుకుని ఒకతె. లోర్కన్ అలవాటు కొద్దీ జేబులోంచి స్కేలు తీసి ఆ ఇద్దరి మధ్యా పెట్టాడు.

"సున్నా," అన్నాడు తృప్తిగా.

చేతి మీద టప్‌మని బ్రష్షు దెబ్బ పడింది.

"చెయ్యి తియ్యి," అంది అతని భార్య. "పెయింటు ఇంకా ఆరలేదు."