ఏసీ బటన్ వెనక వైరు

చొప్పదండి బస్టాండు ముందు కారు. వెనక సీటు ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ నజీరుద్దీన్ చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. సీలు వేసిన తపంచా పార్సెల్ మాయం! ఓ హత్య కేసులో అదే అసలు సాక్ష్యం. తెల్లవారితే కరీంనగర్ కోర్టులో చూపించాలి.

1992 మే. మిట్టమధ్యాహ్నం. స్టేషన్ జీపు చెడిపోతే, చిన్ననాటి దోస్తు జైపాల్‌రావు తన ఏసీ కారు, డ్రైవర్ అంతయ్యను ఇచ్చి పంపాడు. ముద్దాయి జైపాల్‌రావు బామ్మర్దే. అయినా, "తప్పు జేస్తే శిక్ష పడాలె" అన్న దోస్తును నజీరుద్దీన్ నమ్మాడు.

దారిలో ఏసీ పనిచేయలేదు. అద్దాలు దించారు. టీకి ఆగినప్పుడూ ఎత్తలేదు. అంతయ్య రేడియేటర్‌కు నీళ్లు తేబోయాడు. ఆ సందులో ఎవరో చెయ్యి పెట్టారు.

కబురందుకుని జైపాల్‌రావు చొప్పదండి స్టేషన్‌కు వచ్చాడు.

"నిన్నటిదాక ఏసీ మంచిగుండె నజీర్. అంతయ్యనే చెడగొట్టిండు. లాకప్ల ఎయ్యి."

వేశాడు.

తర్వాత నజీరుద్దీన్ కారు దగ్గరికి వెళ్లాడు. పోలీసు మోటార్ సెక్షన్‌లో పనిచేసిన చేతులవి. స్విచ్ వేశాడు. బ్లోయర్ తిరిగింది. వేడిగాలి. బటన్ నొక్కాడు. కంప్రెసర్ 'టక్' అనలేదు. ఫ్యూజ్ బాగుంది. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాడు.

టక్!

కంప్రెసర్ బాగుంది. ఫాల్ట్ నడుమ ఎక్కడో ఉంది. డ్యాష్‌బోర్డు విప్పాడు. బటన్ వెనక వైరు దానంతట అది ఊడలేదు. ఎవరో పీకారు. కొసకు నల్ల టేపు చుట్టారు. టేపు చివర రవ్వంత లోపలికి మడిచి ఉంది.

నజీరుద్దీన్ ఆ మడతను వేలితో తడిమి చూశాడు.

జైపాల్‌రావును పిలిపించాడు.

"ఏసీ ఆపాలంటే డ్రైవర్ ఏం జేస్తడు?"

"ఫ్యూజ్ పీకుతడు."

"ఫ్యూజైతే నేను దారిల్నే చూస్తుంటి. నా సంగతి ఎరుకున్నోడే బటన్ వెనక చెయ్యి పెట్టిండు. అంతయ్య నన్ను ఇయ్యాల్నే చూసిండు."

నజీరుద్దీన్ టేపు ముక్క చూపించాడు.

"టేపు చివర మడిచినవ్. మళ్ల సులువుగ ఊడాలని. ఎవరు నేర్పిండ్రు నీకు?"

"...నువ్వే."

"నేను టీకి గాడనే ఆగుతనని బామ్మర్దికి చెప్పినవా?"

"చెప్పిన. బెయిల్ మీదున్నడు గద, మోటార్‌సైకిల్ మీద వచ్చిండు. ఇంట్ల నా భార్య అన్నం ముడుతలేదు నజీర్. ఏం జెయ్యాలె?"

"నన్ను అడగాలె."

"అడిగితే వింటుంటివా?"

"వినకపోతుంటి. గాని దోస్తుగనే ఉంటుంటివి."

చీకటి పడకముందే జైపాల్‌రావు చేనులోని మోటరు రూంలో పార్సెల్ దొరికింది. సీలు చెదరలేదు. బావ, బామ్మర్ది ఇద్దరికీ బేడీలు పడ్డాయి.

నజీరుద్దీన్ లాకప్ తాళం తనే తీశాడు.

"పో అంతయ్యా. నీ తప్పు లేదు. జైపాల్‌రావే చేయించిండు."

"నా పేరు గూడ దొరనే చెప్పిండా సార్?"

నజీరుద్దీన్ తలూపాడు.

అంతయ్య లేచాడు. రెండడుగులు వేశాడు. మళ్లీ గోడకానుకుని కూలబడ్డాడు.

నజీరుద్దీన్ టోపీ తీసి, అతని పక్కనే నేలమీద కూర్చున్నాడు.