నాలుగోది అంబాసడర్

మెటియాబ్రుజ్ నుంచి ఖిదిర్‌పూర్ పోయే షేర్ ఆటోలో తెలుగులో ఎంత గట్టిగా మాట్లాడుకున్నా ఫరవాలేదని గ్రేసీకి గట్టి నమ్మకం. పుట్టి బుద్ధెరిగాక ఆ నమ్మకం ఒక్కసారీ వమ్ము కాలేదు. బెంగాలీలో అయితే చెవిలో చెప్పుకోవాల్సినవి తెలుగులో గొంతెత్తి చెప్పుకోవచ్చు. డ్రైవరు దాదాకి తెలుగు రాదు. పక్కన బట్టల మూట ఒళ్ళో పెట్టుకున్న దర్జీ చాచాకి రాదు. ముందు సీట్లో డ్రైవరుని ఆనుకుని, సగం వీపు వానకి తడుపుకుంటూ కూర్చున్న భారీ మనిషికి అసలే రాదు.

"అక్కా, నాలుగో సంబంధం వచ్చిందటగా. ఏ కారు?" అంది రేబెకా. గ్రేసీకి చిన్నాన్న కూతురు. అక్క పెళ్ళి విషయాల్లో అక్క కంటే తనకే ఆసక్తి ఎక్కువ.

కారంటే కట్నం కారు కాదు. గ్రేసీ భవానీపూర్‌లో బళ్ళకి ఇన్సూరెన్సు చేసే చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. కంప్యూటరు తెరవగానే కనిపించేవి 'ఎ'తో మొదలయ్యే కార్లు. ఇంట్లో పెళ్ళికొడుకుల పేర్లెత్తితే అమ్మ చెవులు నిక్కబొడుచుకుంటాయి గనక, అక్కాచెల్లెళ్ళు ఆ కార్ల పేర్లు పెట్టి మాట్లాడుకోవడం మొదలెట్టారు. మొదటివాడు ఆల్టో. టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేస్తారని, పెళ్ళి కాకముందే ఖర్చు లెక్కలు అడిగాడు. రెండోవాడు యాక్సెంట్. బెంగళూరులో ఆరు నెలలు ఉండొచ్చి తెలుగునీ బెంగాలీనీ కూడా ముక్కుతో మాట్లాడతాడు. మూడోవాడు అమేజ్. నాన్నకి బీపీ ఉందన్నా "అమేజింగ్" అన్నాడు.

"అంబాసడర్," అంది గ్రేసీ.

"అంత లావా?"

"ఫోటోలో పక్కన వాళ్ళమ్మకి చోటు మిగల్లేదే. లావు ఒక్కటే అయితే ఏటిలే. పాస్టరమ్మగారు చెప్పారు, నత్తి ఉందంట."

"అయ్యో."

"మా ఆఫీసు ముందు పాత పసుపు టాక్సీ ఒకటి ఉంటది చూడు, నలుగురు తోస్తే గాని కదల్దు. అలగన్నమాట. ఈయన భోజనం ముందు ప్రార్థన మొదలెడితే ఆమెన్ దగ్గరికి వచ్చేసరికి కూర చల్లారిపోద్ది. పెళ్ళిలో పాస్టరుగారు ఒప్పుకుంటావా అనడిగితే చర్చి మొత్తం ఎనక నుంచి తోయాలి."

రేబెకా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. అంత నవ్వితే ఇంకాస్త నవ్వించాలని ఎవరికైనా అనిపిస్తుంది. గ్రేసీ తాళం తిప్పుతున్నట్టు చెయ్యి తిప్పుతూ, స్టార్టవని బండి గుర్రుమనే చప్పుడు మూడు నాలుగు రకాలుగా చేసి చూపించింది. దర్జీ చాచా కూడా నవ్వాడు. ముందు సీటు మనిషి వెనక్కి తిరగలేదు.

ఖిదిర్‌పూర్‌లో అందరూ దిగారు. గ్రేసీ డబ్బులిచ్చి రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి ఎవరో పిలవబోతున్నట్టు అనిపించింది. పిలుపు రాలేదు. తిరిగి చూసింది.

ముందు సీటు మనిషి ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరుచుకుంది. మెడ బిగుసుకుంది. "అ... అ..." దగ్గరే మాట ఆగిపోయింది. ఒక క్షణం కళ్ళు మూసుకుని, దారి మార్చుకున్నట్టు, "మీ డబ్బా మర్చిపోయారండి," అన్నాడు. శుభ్రమైన తెలుగు.

ఫోటోలో చూసిన మొహమే. ఫోటోలో కనిపించినంత లావేం కాదు. ఆ మొహంలో కోపం ఉంటే గ్రేసీకి ఎంతో బాగుండేది. కోపం లేదు. డబ్బా చేతికిచ్చి, తల ఊపి, గొడుగుల మధ్యలోంచి వెళ్ళిపోయాడు.

"తెలుగోడా అక్కా?" అంది రేబెకా పాలిపోయి.

"తెలుగోడే కాదే," అంది గ్రేసీ. "ఆయనే."

ఆ రోజు ఆఫీసులో ఆమెకి ఒక్క పాలసీ కూడా సరిగ్గా పడలేదు. కంప్యూటరు తెరిస్తే చాలు, ముందు ఆ 'ఎ' కార్లే. చెవులు వేడెక్కేవి. ఒంటరిగా ఉన్నప్పుడు తను చేసిన ఆ గుర్రు చప్పుడు తనకే వినపడేది. అది గుర్తొచ్చినప్పుడల్లా, మెట్రోలోనైనా సరే, కళ్ళు గట్టిగా మూసుకునేది. శనివారం జ్వరమని పడుకుంది. వాళ్ళమ్మ విజయ కుమారి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జ్వరం లేదు, ఏటీ లేదు. రేపు ఆరాధనయ్యాక ఆళ్ళొస్తారు. ఆ నీలం చీర ఇస్త్రీ చేసుకో," అంది.

ఆదివారం వాన సన్నగా పడుతూనే ఉంది. బడ్జ్ బడ్జ్ నుంచి వినయ్ కుమార్, వాళ్ళమ్మ సువార్తమ్మ వచ్చారు. తండ్రి లేడు. "మా, గడప తడిగా ఉంది, జాగ్రత్త," అని వినయ్ తల్లిని బెంగాలీవాళ్ళలా పిలుస్తూ, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

గ్రేసీ టీ కప్పులతో వచ్చి, ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అనుకుంటూ నిలబడింది. సువార్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఫోటోలో కంటే బాగుంది మా తల్లి," అంది. అంటే కొడుకు ఆమెకేమీ చెప్పలేదు. ఆ ముసలి చెయ్యి తన చేతిని నిమురుతుంటే గ్రేసీ తల ఎత్తలేకపోయింది. అతనే ఆవిడకి చెప్పేసి ఉంటే, నాలుగు తిట్లు తిని బయటపడి ఉండేదాన్ననుకుంది.

"డ్యూటీ ఎక్కడ బాబూ?" అన్నాడు గ్రేసీ నాన్న యెషయా. పోర్టులో క్రేను నడుపుతాడు, మాటలు తక్కువ.

వినయ్ నోరు తెరిచాడు. "ఆయిల్ డిపోలో అన్నయ్యగారూ," అంది సువార్తమ్మ. క్వార్టర్సు ఇచ్చారా అంటే ఆవిడే చెప్పింది. అన్నదమ్ములెందరంటే ఆవిడే. కొడుకు ప్రతిసారీ నోరు తెరిచి, మర్యాదగా మూసుకునేవాడు. కడకి, "గ్రేసీగారితో మాట్లాడొచ్చాండీ?" అని మాత్రం తనే అడిగాడు.

వరండాలో వాన జల్లు కొడుతోంది. గ్రేసీ గోడకి అతుక్కుపోయి నిలబడింది.

"మిగతా మూడూ ఏమేం కార్లు?" అన్నాడతను.

ఆమె చెప్పింది. తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు, నేల చూస్తూ. అమేజ్ దగ్గర అతను నవ్వాడు. ఆ నవ్వుకి గ్రేసీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు ఆ ఆటో ఎందుకెక్కారండి. మీ ఊరు బడ్జ్ బడ్జ్ కదా."

"మీకోసమే. పూట సెలవు పెట్టి వచ్చాను. ఫోటోలో గొంతు వినపడదు కదండీ. మీరెలా మాట్లాడతారో విందామని." కాస్త ఆగి, "మీ గొంతు బాగుంది. బండి చప్పుడు కూడా బాగా చేశారు," అన్నాడు.

"మీరు తిట్టండి, పడతాను. నవ్వకండి. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనుంది."

"పేరు పెడితే పెట్టారు, వేరే కార్లు దొరకలేదా మీకు? స్విఫ్ట్, సుమో, సఫారీ, స్కార్పియో. చూడండి, హాయిగా వచ్చేస్తాయి. బళ్ళో పలక మీద మొట్టమొదట దిద్దిస్తారే, నాకు కొరుకుడు పడనిది సరిగ్గా దాంతోనే. మీరు నాకు పెట్టిన పేరు నేనే పలకలేను."

గ్రేసీ అప్పుడు గమనించింది. వానలో గుంటలు తప్పించుకుని నడిచేవాళ్ళలా అతను ఆ అక్షరం తప్పించుకుని మాట్లాడుతున్నాడు. ఎన్నేళ్ళ అలవాటో. తను చేసిన ఎగతాళి ఎంత నీచమో ఆమెకి ఆ క్షణంలోనే పూర్తిగా తెలిసింది.

"భయపడకండి," అన్నాడతను. "నేనే కుదరదని చెప్పేస్తాను. మాట నా మీదే పడుతుంది. మిమ్మల్ని ఎవరూ తిట్టరు."

"మీకు నేను నచ్చలేదా?"

"మీకు నేను నచ్చలేదు కదండీ," అన్నాడు, అదేదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు. ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయాడు.

గ్రేసీ వెనకాలే వెళ్ళేసరికి అతను చెప్పేశాడు. "నాకు కుదరదండి. క్షమించండి. మా, పద."

సువార్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "అదేటిరా. రైల్లో వస్తా ఏటి చెప్పావు నాకు..."

విజయ కుమారి లేచి నిలబడింది. "మా పిల్లకి ఏటి తక్కువమ్మా? నోట్లోంచి మాట సరిగా రానోడికి ఇంత నీలుగుడా? ఏదో పోనీలే అని మేం ఒప్పుకుంటే, మీరు వద్దంటారా?"

సువార్తమ్మ మొహం వాడిపోయింది. ఆ మాట ఆమెకి కొత్త కాదని చూస్తే తెలుస్తోంది. "తప్పైపోయింది వదినగారూ, ఆడికి చెప్పుకోడం తెలీదు," అంటూ చేతిసంచీ వెతుక్కోసాగింది. తప్పు చేయని ఆవిడ, తప్పు చేసిన పిల్ల ఇంట్లో, తల వంచుకుని క్షమాపణ చెబుతోంది.

"అమ్మా, ఆపు," అంది గ్రేసీ.

అందరూ చూశారు. చెప్పాల్సిందంతా గొంతు దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. "నేను... మొన్న ఆటోలో... నేను..."

"ఏటే, ఏటైంది? ఈయనేమైనా అన్నాడేటి? చెయ్యి పట్టుకున్నాడేటి?" అంది తల్లి.

"చెప్పనివ్వండి," అన్నాడు వినయ్ గుమ్మం దగ్గర నుంచి. "తొందరేం లేదు."

గ్రేసీ చెప్పింది. కార్ల పేర్లు, తోయాల్సిన టాక్సీ, చల్లారిపోయే కూర, చర్చి మొత్తం వెనక నుంచి తోయడం, అన్నీ. ఆ చప్పుడు చేశానని కూడా చెప్పింది. సువార్తమ్మ మొహం చూడలేక నాన్న మొహం చూస్తూ చెప్పింది.

"ఆయన అవన్నీ విన్నారు నాన్నా. విని కూడా, నా మీద మాట పడకూడదని ఆయనే వద్దన్నట్టు చెప్పారు. నాకు ఆయన నచ్చారు. చేసుకోమని అడిగే మొహం నాకు లేదు. అత్తయ్యగారూ, మీరు ఎవరికీ క్షమాపణ చెప్పకండి. నేను చెప్పాలి."

విజయ కుమారి మంచం అంచున కూలబడింది. సువార్తమ్మ గ్రేసీ వైపు తిరిగింది. "ఆడి ఎనకాల నవ్వినోళ్ళని శానామందిని సూసేను," అంది నెమ్మదిగా. "నవ్వేనని నా ముందు చెప్పినదాన్ని నిన్నే సూసేను. ఇప్పుడు ఏటి చెయ్యాలో నాకు తెలీదు. ఏరా, ఎల్దామా?"

వినయ్ కదల్లేదు. తల్లి వైపు తిరిగి నోరు తెరిచాడు. "అ..."

మాట ఆగింది. మెడ బిగుసుకుంది. అందరికీ ఆ కారు పేరే గుర్తొచ్చింది. గ్రేసీ చీర కొంగు పిడికిట్లో నలిగిపోయింది.

"అలగే అంటావా?" అంది సువార్తమ్మ అలవాటుగా. అతను తల అడ్డంగా ఊపాడు. "అక్కర్లేదంటావా?" మళ్ళీ అడ్డంగా ఊపాడు.

"అత్తయ్యగారూ," అంది గ్రేసీ, "ఆయన్నే చెప్పనివ్వండి."

సువార్తమ్మ నోరు మూసుకుంది. విజయ కుమారి ఏదో అనబోతే యెషయా భార్య మోచేతి మీద చెయ్యి వేశాడు. వినయ్ నుదుటి మీద చెమట పట్టింది. సులువైన మాట వెతుక్కుని పక్కదారిన పోవచ్చు, అతనికి అలాంటి దారులు బోలెడు తెలుసు. పోలేదు. ఆ అక్షరం దగ్గరే నిలబడ్డాడు.

"అ... అ... అమ్మా," అన్నాడు. "ఈ పిల్లనే చేసుకుంటాను."

సువార్తమ్మ చేతిసంచీ జారి కింద పడింది.

"ఏటన్నావురా?"

"ఈ పిల్లని..."

"అది కాదు. దానికి ముందు."

వినయ్ నవ్వి తల దించుకున్నాడు. సువార్తమ్మ పక్కనున్న గ్రేసీ చెయ్యి తెలియకుండానే గట్టిగా పట్టుకుంది. "పుట్టినకాడ్నించి మా, మా అనే పిలిచేడమ్మా," అంది, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి. "ఈ ఊరి బెంగాలీ పిల్లలందరూ అలగే పిలుస్తారు గదా, ఈడికీ అదే అలవాటైందనుకున్నాను."