ఆపరేషన్ కండువా

రాజమండ్రి గోదావరి రేవులో వీరాస్వామి శవం దొరికిన మర్నాడే ఏజెంట్ అమ్మిరాజుకు పిలుపు వచ్చింది.

"ఈ కేసు మీదే నీ పార్టనర్ పోయాడు. ఏడవడానికి టైమ్ లేదు," అన్నాడు చీఫ్. "నాగేశ్వరప్రసాద్ మన దేశంలోనే టీవీకి తగిలించే వీడియో గేమ్ తయారు చేశాడు. హాంకాంగ్ ముఠా దగ్గర అలాంటి సరుకే ఓడ నిండా ఉంది. ప్రసాద్ ధర తెలిస్తే చాలు, దానికి యాభై తగ్గించి అమ్ముతారు. రెండుసార్లు లీకైంది. ఈసారి కూడా లీకైతే ఫ్యాక్టరీకి తాళమే. రెండు వందల మంది ఆడపిల్లలు రోడ్డున పడతారు."

"లీక్ చేస్తోంది ఎవరు సార్?"

"ప్రసాద్ సెక్రటరీ మీనాకుమారి. మన మనిషినేనంటుంది. వాళ్ల మనిషని నా అనుమానం. తీసేస్తే ముఠా జాగ్రత్తపడుతుంది. ఆమె ముందే, ఆమెకు తెలియకుండా ప్రసాద్‌తో ధర ఖాయం చేసి పేపర్లో వేయించు."

మర్నాడు సాయంత్రం అమ్మిరాజు జరీ కండువా వేసుకుని, భీమవరం డీలర్ వేషంలో ప్రసాద్ గదిలో కూర్చున్నాడు. ప్రసాద్ ఒక్కడికే అతని అసలు సంగతి తెలుసు. ప్రసాద్ ప్రకటన ధర ఒక్కటి లేకుండా పేపర్ ఆఫీసులో ఉంది, ధర చెప్పడానికి ఆరింటితో ఆఖరు. ముఠా ప్రకటన కూడా అదే పేపర్లో, ధర దగ్గర ఖాళీతో, కాచుకుని కూర్చుంది. ఫ్యాన్ కప్పులో మైక్. ఫోన్ ట్యాప్. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నవ్వుతున్న మీనాకుమారి చేతిలో కెమెరా దాచిన లైటర్. కాగితం మీద రాస్తే ఫొటో, నోటితో అంటే రికార్డు. వీరాస్వామి ఉత్తినే చచ్చిపోయాడా అని అమ్మిరాజు గుండె మండిపోయింది.

ప్రసాద్ తాత ఎడ్ల బేరగాడని ఫైల్లో చదివిన సంగతి అప్పుడు తట్టింది. అమ్మిరాజు తండ్రిదీ అదే వ్యాపారం. మనవడికి వేళ్లతో బేరమాడే ఆ విద్య గుర్తుందో లేదో, దేవుడికే తెలియాలి.

కండువా తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"మా వైపు బేరమంటే చెయ్యి పట్టుకోవాల్సిందేనండీ. ఎంతకిస్తారు?"

ప్రసాద్ కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. "రెండువేల తొమ్మిదొందలండీ! పైసా తగ్గేది లేదు!" అని అరిచాడు. కండువా కింద మాత్రం అమ్మిరాజు చేతిలో ఒక వేలు నొక్కాడు. ఆగి, మరో తొమ్మిది నొక్కులు. పంతొమ్మిది వందలు.

గుర్తుంది! అమ్మిరాజు ఒక వేలు, ఆ తర్వాత నాలుగు వేళ్లు పట్టాడు. పద్నాలుగు వందలు.

పంతొమ్మిది వందలంటే ముఠా మర్నాడే ఇంకో యాభై తగ్గించగలదు, పద్నాలుగు వందలకు మాత్రం దిగలేదు. ప్రసాద్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. సెట్టు తయారీకే పదహారు వందలు అవుతుంది.

"కొంప ముంచుతున్నారండీ," అన్నాడు. ఈసారి అది నటన కాదు.

"లాభమంతా సెట్టులోనే రావాలంటే ఎలాగండీ? సెట్టు ఇంట్లోకి వెళ్తే పిల్లలు ఊరుకుంటారా? నెలకో గేమ్ క్యాసెట్టు కొనమని ప్రాణం తీస్తారు. మీ డబ్బులు అక్కడొస్తాయి."

మీనాకుమారి కళ్లు పైకప్పు వైపు తిప్పింది. పల్లెటూరి బేరం ఆమెకు విసుగు. చివరికి ప్రసాద్ వేళ్లు ఒకటి, నాలుగు నొక్కాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే, రెండువేల తొమ్మిదొందలే ఖాయం!" అన్నాడు అమ్మిరాజు పైకి.

మీనాకుమారి ముఖం కడుక్కొస్తానని వెళ్లింది. ఆమె లిప్‌స్టిక్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది.

అమ్మిరాజు స్కూటర్ మీదికి దూకి పేపర్ ఆఫీసుకు బయలుదేరాడు. మెయిన్ రోడ్డులో అడ్డంగా కడియం నర్సరీ మొక్కల లారీ! స్కూటర్ అక్కడే పడేసి పరిగెత్తాడు. పేపర్ ఆఫీసు గుమాస్తా గడియ పెడుతున్నాడు.

"అయిపోయిందండీ. హాంకాంగ్ వాళ్లు ఇప్పుడే రెండువేల ఎనిమిదొందల యాభై అని వేయించుకున్నారు."

అమ్మిరాజు తలుపు సందులో కాలు పెట్టాడు. "ప్రసాద్ గారి ప్రకటనలో పద్నాలుగు వందలని వెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను." గోడ గడియారం ఆరు కొడుతుంటే గుమాస్తా ధర దగ్గర అంకెలు వేశాడు.

తెల్లారి డీలర్లు ప్రసాద్ గేటు ముందు క్యూ కట్టారు. హాంకాంగ్ సరుకు అడిగినవాడు లేడు. లిప్‌స్టిక్ సిగ్నల్ వెంట వెళ్లిన పోలీసులకు, పరువు పోయిన ముఠా మనుషులు చిక్కారు. స్టేషన్లో బేడీలతో మీనాకుమారి, "అన్నీ విన్నాను, అన్నీ చూశాను. ఎలా?" అంది. అమ్మిరాజు అప్పటికే వీరాస్వామి భార్యకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "బ్రిలియంట్ కోడ్ అయ్యా! మన ఏజెంట్లందరికీ ట్రైనింగ్ ఇవ్వు."

"అలాగే సార్. ముందు తలా ఒక ఎద్దు కొనడానికి శాంక్షన్ ఇప్పించండి."